మేడ మీది మంచం

“ఈ పునాది ఒక్క అంతస్తుకే సరిపోతుంది. కొత్త ప్లానులో మేడ కూడా చేర్చారు. కడితే కుంగుతుంది. తవ్వి వెడల్పు చెయ్యాలి,” అన్నాడు ఇంజనీరు నారాయణమూర్తి, ఆ ఉదయమే బస్సులో వచ్చిన కాయితం విప్పి.

నరసన్నపేట ప్రసూతి ఆసుపత్రిని ఉగాదికి తెరుస్తామని పైవాళ్లు ముందే ప్రకటించేశారు. అందుకని ప్లాను పూర్తికాకుండానే పునాది పూర్తయింది.

“ముహూర్తం ముందొచ్చీసింది, మ్యాపు ఎనకొచ్చింది!” కంట్రాక్టరు బంగారురాజు పెద్దగా నవ్వాడు. “మీరు గీత మార్చీసినా ఉగాది మారదు కద బాబూ. కట్టీడమే!”

“తవ్వడమేటి?” అతని భార్య కమలాదేవి అడ్డొచ్చింది. శంకుస్థాపననాడు ఆ గోతిలో నవధాన్యాలు పోసింది ఆవిడే. “పూజ సేసిన పునాది కదిపితే కడుపుతో ఉన్న మన పిల్లకి కీడు. ఇక్కడ మొదటి పురుడు దానిదే అవ్వాలి. మేడ మీద గాలొచ్చే గదిలో మంచం ఏయించు.”

“మేడ మీదా? వద్దే!” బంగారురాజు గబుక్కున అన్నాడు. “దాన్ని విజయనగరం తీసుకెల్దాం.”

కాయితం మడుస్తున్న ఇంజనీరు చెయ్యి ఆగింది. బంగారురాజు నవ్వూ ఆగింది.

కమలాదేవి మొగుడి మొహంలోకి చూసింది.

“మరా మంచం మీద ఎవల పిల్లని పడుకోబెడతావు?”

ఆవిడ పునాదికి దండం పెట్టి, కూలీ చేతిలోని గునపం అందుకుంది. మొదటి దెబ్బ ఆవిడే వేసింది.