ఎవరి తాలూకు

పెరట్లోంచి బొచ్చు కాలిన కంపు వస్తే వెల్డరు విసుక్కుంటూ లేచి వెళ్లాడు.

కుళాయి పక్కన ముక్కూమొహం తెలియని మనిషి ఒకడు గొంతుక్కూర్చుని, పంది కాళ్లను మంట మీద తిప్పుతూ కాలుస్తున్నాడు. గడ్డం సగం నెరిసింది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు.

“ఎవరయ్యా నువ్వు?”

“అమ్మ ఏమీ తినడం లేదని కబురొచ్చింది. కాళ్లు వండిపెట్టి వెళ్లిపోతా.”

“ఎవరు పంపారు కబురు?”

ఆ మనిషి తల వంచుకుని కాలిన బొచ్చును కత్తితో గీకసాగాడు.

వెల్డరుకి ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఇది తమ్ముడి పనే.

తండ్రి పోయాక అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు. ముందు గదులు పెద్దవాడైన వెల్డరుకి, వెనక గదులు లారీ నడిపే చిన్నవాడికి. వంటగదిని పంచడం ఎలాగో తేలక నేల మీద అడ్డంగా రంగుతో గీత గీశారు. ఇప్పుడు ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

ఆ గీత గీసిన నాటి నుంచి మధ్యగదిలో మంచం పట్టిన తల్లి ఇద్దరితోనూ మాట మానేసింది. తిండీ మానేసింది. పెద్దకోడలు జావ తెస్తే గోడవైపు తిరుగుతుంది, చిన్నకోడలు పాలు తెస్తే కళ్లు మూసుకుంటుంది. ఇలాగే ఉంటే మనిషి దక్కదని డాక్టరు చెప్పేశాడు.

“చూశారా మీ తమ్ముడి తెలివి?” అంది వెల్డరు భార్య గుమ్మంలోంచి. “వంటవాణ్ణి పెట్టి అత్తయ్యని బుట్టలో వేసుకుంటున్నాడు. ఆవిడ లేచి కూర్చుందంటే, మనం చంపబోయాం, వాళ్లు బతికించారు అని వీధంతా టముకు వేస్తారు.”

“వాణ్ణే నిలదీస్తా.”

“ఆహా! ముందు మీరే మాట్లాడి లోకువైపోండి.”

ఆ మాటతో వెల్డరు ఆగిపోయాడు. కోపం మాత్రం ఆగలేదు. దాన్ని తీసుకొచ్చి కొత్తమనిషి మీద కుమ్మరించాడు.

“మా అమ్మ పంది మాంసం ముట్టదు. ఆ సంగతి కూడా చెప్పలేదా నిన్ను పెట్టినవాడు?”

“నన్నెవరూ పెట్టలేదు. అమ్మకి ఇవంటే ప్రాణం.”

“నాకు చెప్తున్నావా, మా అమ్మకేది ప్రాణమో!”

అతను కాళ్లను కుండలో వేసి పొయ్యి మీద పెట్టాడు. మొదటి నీళ్లలో నురగ తేలగానే పారబోశాడు. కాళ్లు మళ్లీ కడిగి, తోలు చీలకుండా దారం చుట్టి, కొత్త నీళ్లలో అల్లం, మిరియాలు, ఉల్లిపాయ వేశాడు. మూత ఓరగా పెట్టి రెండు కట్టెలు బయటికి లాగేశాడు.

“ఈ మంట మీద ఇవి ఉడికేసరికి నాకు మనవలు పుడతారు,” అని వెల్డరు ఒక కట్టెను కాలితో లోపలికి తోశాడు.

అతను దాన్ని మెల్లగా వెనక్కి లాగాడు. “నీళ్లు కదిలీ కదలనట్టు ఉండాలి. తొందరపెడితే తోలు పగిలిపోతుంది.”

“నిప్పుతో బతికేవాణ్ణి, నాకే పాఠాలా?”

పొద్దు వాలేసరికి పులుసు వేళ్లకి అంటుకునేంత చిక్కబడింది. అతను గిన్నెలో పోసుకుని, ఎవరినీ అడగకుండా నేరుగా మధ్యగదిలోకి వెళ్లాడు. మంచం అంచున కూర్చుని, ఎముక నుంచి తోలు ఒలిచి, ఊది, తల్లి పెదవులకి ఆనించాడు.

తల్లి నోరు తెరిచింది.

ఒక ముక్క తింది. ఇంకో ముక్క తింది. పళ్లులేని నోటితో ఎముక చప్పరించింది. తర్వాత చేత్తో అతని గడ్డం తడిమింది.

గుమ్మంలో నిలబడ్డ వెల్డరుకి కడుపు మండిపోయింది. కన్నకొడుకులు కాళ్లావేళ్లా పడితే తెరవని నోరు, ఎవడో కూలికొచ్చినవాడికి తెరుచుకుంది!

“నాటకం చాలు. లే!”

కాలరు పట్టుకుని గేటు దాకా ఈడ్చాడు. వెనక తల్లి చెయ్యెత్తింది. వెల్డరు చూసీ చూడనట్టు వదిలేశాడు.

“మళ్లీ ఈ గడప తొక్కావంటే ఈసారి కాల్చేది నీ కాళ్లే!”

కొత్తమనిషి చొక్కా సరిచేసుకున్నాడు. “కుండలో ఇంకా ఉంది. రాత్రికి కొంచెం వేడిచేసి పెట్టండి,” అని వెళ్లిపోయాడు.

వెల్డరు ఆవేశం ఇంకా చల్లారలేదు. వంటగదిలో గీత దాటి తమ్ముడి ఎదుట నిలబడ్డాడు.

“నీ మనిషిని మెడపట్టి గెంటేశాను. ఏం చేస్తావో చేసుకో!”

తమ్ముడు తెల్లమొహం వేశాడు. “నా మనిషేంటి? నువ్వు పెట్టావనేగా పొద్దున గేటు దగ్గర నేను అతన్ని నానా బూతులూ తిట్టింది!”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వెల్డరు రోడ్డు మీదికి పరుగెత్తాడు. మలుపు దాకా వెళ్లి చూశాడు. అతనెక్కిన బస్సు అప్పుడే కదిలిపోయింది. ఆ మనిషి పేరేమిటో, ఉండేదెక్కడో ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

తిరిగొచ్చేసరికి తమ్ముడు మంచం పక్కన నేల మీద కూలబడి ఉన్నాడు. తల్లి వెల్డరుని చూడలేదు. అతని వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని గుమ్మంకేసి చూసింది.

“ఎవరమ్మా అతను?”

ఇన్నాళ్లకి తల్లి నోరు విప్పింది.

“కబురు నేనే పంపాను, పాలమనిషి చేత. పోయేలోపు ఒక్కసారి చూసుకుందామని.”

“అదే, ఎవరని?”

“బిడ్డతో వస్తే చేసుకోనన్నాడు మీ నాన్న. పసివాణ్ణి మా అమ్మ ఒళ్లో పడేసి వచ్చాను,” అంది తల్లి. “ఈ కడుపున ముందు పుట్టింది నువ్వు కాదురా, వాడు.”