వెనక సీటు

ఆడమనిషి విసిగిస్తే ఆమె భర్తకు చెప్పడమే మర్యాదని నాకెవరు నేర్పారు? ఎనిమిదేళ్లుగా నన్ను నేను ఇదే అడుగుతున్నాను.

ఆ రోజు మట్టెవాడ నుంచి ఒక్కదాన్నే మ్యాట్నీకి వెళ్లాను. తెర మీద ఫైటు, ముందు వరుసల్లో ఈలలు. నా వెనక చివరి వరుసలో ఒక జంట తప్ప ఎవరూ లేరు. ఆ అమ్మాయి నా సీటును ఆగకుండా తన్నుతోంది. ఓర్చుకుని ఓర్చుకుని వెనక్కి తిరిగాను. అతని చెయ్యి ఆమె మెడ చుట్టూ ఉంది. కొత్త దంపతులనుకుని అతనితోనే మెల్లగా అన్నాను.

"అన్నా, ఏమనుకోకు. మీ ఆమెకు జర చెప్పు, సీటు తంతాంది."

"సారీ అక్కా. ఫైటొస్తే మా కీర్తనకు కాళ్లు ఆగయి. నువ్వు ఫికర్ చెయ్యకు, ఇగ తన్నదు."

నిజంగానే తన్నులు ఆగిపోయాయి. చెప్పే తీరులో చెబితే ఎవరైనా వింటారనుకుంటూ సినిమా చూశాను.

ఇంటర్వెల్‌కు లైట్లు వెలిగాయి. అతను లేడు. కీర్తన తల పక్క సీటు మీదికి వాలి ఉంది, చున్నీ మెడకు బిగిసి ఉంది. దవాఖానలో డాక్టరు నాడి చూసి తల అడ్డంగా ఊపాడు.

చీకట్లో ఆమె ముఖం కనబడలేదని పోలీసులకు చెప్పాను. నిజంగా కనబడలేదో, పరాయి జంటను తేరిపార చూడటం బాగుండదని నేనే చూపు తిప్పుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.