మాట్లాడకూడని ఎలుగుబంటి

ఫోన్ వచ్చేసరికి గువ్వ వాళ్లమ్మ ఆస్పత్రి వరండా చివర కుళాయి దగ్గర ఫ్లాస్కు కడుగుతోంది. కడిగిందే మళ్లీ కడుగుతోంది. తన చేతిలో ఉన్న పని అదొక్కటే.

“మీ పాప కోరిక ఒప్పుకున్నారండీ! ఈ మధ్యాహ్నమే వస్తున్నారు!” అంది అవతలి అమ్మాయి. పెద్ద జబ్బులతో ఉన్న పిల్లల కోరికలు తీర్చే సంస్థలో పనిచేస్తుంది. ఆమె గొంతులో లాటరీ తగిలినంత సంబరం.

గువ్వకి ఏడేళ్లు. రేపు పొద్దున్న గుండె ఆపరేషన్. డాక్టరు ధైర్యం చెప్పలేదు, భయపెట్టనూ లేదు. “మా ప్రయత్నం మేం చేస్తాం” అని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

సంస్థ అమ్మాయి పోయిన వారమే వచ్చి, ఏం కావాలో అడగమంది. సైకిల్ కొనిపెడతామంది. నయమయ్యాక విమానం ఎక్కిస్తామంది. గువ్వ అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. ఈ ఏడు తమ సంస్థకి డబ్బు సాయం చేస్తున్న బిస్కెట్ల కంపెనీ పేరు ఆ అమ్మాయి చెప్పగానే మాత్రం లేచి కూర్చుంది.

“వాళ్ల ఎలుగుబంటిని పంపిస్తారా?”

బిస్కెట్ ప్యాకెట్ మీద ఉండే ఎలుగుబంటి అది. కొత్త దుకాణాలు తెరిచిన చోటల్లా పెద్ద తలకాయ, బొచ్చు ఒళ్లు తగిలించుకుని ఎవరో ఒకరు గంతులేస్తుంటారు. పోయిన వేసవిలో ఎగ్జిబిషన్‌లో గువ్వని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. ఇంటికొచ్చే దారంతా గువ్వ ముసిముసిగా నవ్వుతూనే ఉంది. ఎందుకో ఎంత అడిగినా చెప్పలేదు.

“పనుంది, కుదరదు అనరు కదా?” గువ్వ గుచ్చి గుచ్చి అడిగింది. “నేనడిగితే తప్పకుండా పంపుతారు కదా?”

“ఎందుకు పంపరు తల్లీ? ఇదంతా నీ కోసమే!” అంది సంస్థ అమ్మాయి.

అమ్మమ్మ బుగ్గలు నొక్కుకుంది. “విమానం వద్దట, ఎలుగుబంటి కావాలట! అచ్చం తండ్రి బుర్రే.”

ఆ తండ్రికి ఉద్యోగం కూడా ఆ కంపెనీలోనే. ప్రచార విభాగం. పెళ్లికి ముందు అంతే చెప్పాడు, ఇప్పటికీ అంతే చెబుతాడు. ఇస్త్రీ చొక్కాతో వెళ్లి, పిండేసిన గుడ్డలా తిరిగొస్తాడు. ఈ సంస్థతో ఒప్పందం కుదిరిన దగ్గర్నుంచి కార్యక్రమాల మీద కార్యక్రమాలు. సెలవు మాటెత్తితే మేనేజరు మొహం తిప్పుకుంటున్నాడట. గువ్వ నిద్రపోయాక ఆస్పత్రికి వస్తాడు, లేవకముందే వెళ్లిపోతాడు. వచ్చాడనడానికి దుప్పటి మీద నొప్పుల మందు వాసన ఒక్కటే గుర్తు.

“కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి మెడనొప్పేమిటో!” అంటుంది అమ్మమ్మ.

సంస్థ అమ్మాయి ఫోన్ పెట్టేయగానే గువ్వ వాళ్లమ్మ తన భర్తకి ఫోన్ చేసింది.

“ఏవండీ, గువ్వ కోరిక ఒప్పుకున్నారు. మీ కంపెనీ ఎలుగుబంటి వస్తోందట.”

“ఊఁ,” అన్నాడాయన.

“వింటున్నారా? ఎలుగుబంటిని పంపడానికి తీరికుంది మీ వాళ్లకి, కన్నతండ్రిని పంపడానికి లేదు. రేపైనా వస్తారా?”

“అడిగాను. మళ్లీ అడుగుతాను.”

“అడుగుతూనే ఉండండి.”

ఠక్కున పెట్టేసింది. పెట్టేశాక ఏడుపొచ్చింది. అరవడానికి కూడా ఆయన తప్ప ఇంకెవరున్నారు?

మధ్యాహ్నం ఎలుగుబంటి వచ్చింది. గుమ్మంలో పట్టలేదు. నేరుగా వస్తే చెవులు అడ్డం, పక్కకి తిరిగితే పొట్ట అడ్డం. ఇద్దరు నర్సులు చెరో చెవీ వంచి లోపలికి లాగారు. వార్డంతా ఒకటే నవ్వు.

“గోళ్లు తీశారో లేదో చూడండర్రా!” అంది అమ్మమ్మ.

వెనకాలే మేనేజరు, ఫొటోలు తీసే ఆయన, కంపెనీ బ్యానరు.

“ఎలుగుబంటి మాట్లాడదు పాపా. తలకాయ తియ్యదు, నోరు విప్పదు. మా కంపెనీ రూలు,” అన్నాడు మేనేజరు.

“నాకు తెలుసు,” అంది గువ్వ.

ఎలుగుబంటి మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడింది. సెలైన్ గొట్టం కదలకుండా, అంత లావు చేతులతో ఎంతో నెమ్మదిగా గువ్వని దగ్గరికి తీసుకుంది. ఎవరు ముట్టుకున్నా సూది గుచ్చుతారేమోనని కెవ్వుమనే పిల్ల. దాని మెడ దగ్గర ముక్కు పెట్టి గట్టిగా వాసన పీల్చింది. నవ్వి కళ్లు మూసుకుంది.

వాళ్లమ్మ ధైర్యం చేసి మేనేజరు దగ్గరికి వెళ్లింది. “సార్, మా ఆయన మీ దగ్గరే పనిచేస్తారు, ప్రచారంలో. రేపు పాపకి ఆపరేషన్. ఒక్క పూట సెలవు ఇప్పిస్తే...”

“అయ్యో, రేపా? రేపు మంత్రిగారొచ్చే కార్యక్రమం అమ్మా. ప్రచారంలో ఒక్క మనిషి తగ్గినా కుదరదు. ఇదంతా ఇలాంటి పిల్లల కోసమే కదా, మీరే అర్థం చేసుకోవాలి.”

ఆమె వెనక్కి తిరిగేసరికి ఎలుగుబంటి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. డాన్సు మొదలెట్టిందనుకుని వార్డంతా చప్పట్లు కొట్టింది.

“ఇక పద, ఇంకా తిరగాల్సిన చోట్లున్నాయి,” అని మేనేజరు దాని వీపు తట్టాడు. కదల్లేదు. ఇద్దరు చెరో చెయ్యీ పట్టి లేపారు. గుమ్మంలో మళ్లీ చెవులు ఇరుక్కున్నాయి. మళ్లీ నవ్వులు.

“ఏం పాపా, కోరిక తీరిపోయినట్టేనా?” అన్నాడు మేనేజరు.

గువ్వ అతని వంక చూడనేలేదు. గుమ్మంలో ఇరుక్కున్న ఆ పెద్ద తలకాయకేసి వేలు చూపించింది.

“రేపు నన్ను లోపలికి తీసుకెళ్లకముందే రా, ఈసారి ఆ తలకాయ ఆఫీసులోనే పెట్టేసి రా నాన్నా.”