ఆదెయ్య ప్రశ్నలు

“సామీ, నిన్నటి కథలో ఒక సంగతి.”

రామబ్రహ్మం పంతులు భారతం మీద వేలు పెట్టి ఆగాడు. మండపం మెట్ల కింద ఆదెయ్య లేచి నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. రాళ్ళు కొట్టే మనిషి, చేతులకు ఇంకా దుమ్ము ఉంది.

“మొదలుపెట్టాడ్రా,” అన్నారెవరో. “వీడి బుర్రకు కథ ఎక్కాలంటే ఒక రాత్రి పట్టుద్ది.”

జనం నవ్వారు. ఆ మాట నిజమే. ఆదెయ్య ఏ రోజు కథ గురించి ఆ రోజు అడగడు. విని వెళ్ళిపోతాడు. మర్నాడు వచ్చి అడుగుతాడు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. కిరసనాయిలు కూపన్ల మీద ఇస్తున్నారు. అందుకని గురజాల దగ్గర ఆ ఊళ్ళో పురాణం పొద్దుండగానే ముగిస్తున్నారు. ఆ వేళకు ఆడవాళ్ళు పొయ్యిల దగ్గర ఉంటారు గనక మండపంలో అందరూ మగవాళ్ళే.

“అడుగు,” అన్నాడు పంతులు.

ఆదెయ్య కళ్ళు మూసుకుని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

“అక్షయపాత్రలో ద్రౌపదమ్మ తినేదాకా అన్నం వస్తానే ఉంటది, ఆమె తిన్నాక ఆ పూటకు ఖాళీ అన్నారు. అంటే అందరూ తిన్నాకనే ఆమె తినాల. ముందే ఆకలేస్తే? అడవిలో ఉన్నన్నేళ్ళూ ఆకలి పట్టుకోవాల్సింది ఆమె. మరి సూర్యుడు వరమిచ్చింది ఎవరికి సామీ?”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో మోతుబరి సాంబశివరావు లేచాడు. పురాణం చదివినందుకు పంతులుకు ఏటా ధాన్యం కొలిచేది ఆయనే.

“ఒరేయ్, దేవుడి వరానికే వంకలు పెడతావంట్రా! మొన్నేమో లక్కయింట్లో కాలిపోయిన బోయతల్లీ, ఆమె కొడుకులూ ఏం పాపం చేశారన్నావు. ఎవర్రా నీకివన్నీ నేర్పేది? రెంటచింతల చర్చి ఫాదర్లా?”

ఆదెయ్య నేల చూశాడు. “ఎవరు నేర్పుతారయ్యా. నా బుర్రకు తోచిందే.”

“నీ బుర్రకు ఇంత తోస్తే రాళ్ళెందుకు కొడతన్నావు? పంతులుగారూ, చానా రోజులు ఓర్చుకున్నా. రేపటినుంచి వీడు మండపం ఛాయలకు రాకూడదు. రానిస్తానంటే చెప్పండి, నరసరావుపేట నుంచి ఇంకో పంతుల్ని పిలిపించుకుంటాం.”

రామబ్రహ్మం పుస్తకం మూసి పట్టుగుడ్డ చుట్టాడు.

“పిలిపించుకోండి. ఆదెయ్యను రావద్దన్నచోట నేను చదవను.”

“ఏంది, ఆ నాస్తికుడి కోసమా?”

“నాస్తికుడైతే మాత్రం? జాబాలి రాముడి మొహం మీదే పరలోకం లేదన్నాడు. ఆయన్ని రుషుల్లోంచి తీసేశారా? ఇంకో సంగతి. సభలో ద్రౌపది ఒక ప్రశ్న అడిగింది. భీష్ముడంతవాడు, ధర్మం సూక్ష్మం, నేను చెప్పలేనన్నాడు. జవాబు లేదు గదా అని వ్యాసుడు ఆ ప్రశ్నను కొట్టెయ్యలేదు. అట్లాగే ఉంచాడు. ఆయన ఉంచినదాన్ని నేను గెంటనా?”

“అయితే వాడికి జవాబు చెప్పండి. మేమూ వింటాం.”

పంతులు పట్టుగుడ్డ ముడి బిగించాడు.

“నాకు తెలియదు.”

“చదివేవాడికే తెలవకపోతే ఇంకేం పురాణం!”

“మా నాయన ఇరవైసార్లు చదివాడు. నేనూ చదివాను. ఈ ప్రశ్న మా ఇద్దరికీ తట్టలేదు. తట్టినవాణ్ణి తరిమేస్తే నేను గుడ్డిగానే చదువుతా, మీరు గుడ్డిగానే వింటారు.”

సాంబశివరావు కండువా దులిపి మెట్లు దిగాడు. వీధిలోకి పోయి వెనక్కి తిరిగాడు.

“రేపు కాస్త ముందే మొదలెట్టండి,” అన్నాడు విసురుగా. “వీడి ప్రశ్నలకే సగం పొద్దు పోతంది.”

మండపం వెనక గోడకు ఆనుకునే పంతులు ఇల్లు. కాళ్ళు కడుక్కుని వంటింట్లో పీట మీద కూర్చున్నాడు. భార్య అనసూయ విస్తరి వేసింది.

“ఇవ్వాళ మండపంలో ఏం జరిగిందో తెలుసా?”

“గోడ అవతలే గదా. వినపడింది.”

“ఈ ఏటి ధాన్యం పోయినట్టే అనుకున్నా. ఆ ఆదెయ్య నన్ను చంపుతున్నాడు. ఇంట్లో ఈ బాధ లేదు, అదొక్కటే నయం. పెళ్ళైన కొత్తలో నువ్వూ ఏదో అడగబోయావు. ఆడవాళ్ళకెందుకివి అన్నాను. మళ్ళీ నోరెత్తలేదు. బుద్ధిమంతురాలివి.”

అనసూయ గోంగూర పచ్చడి వేసింది. పంతులు రెండోసారి అన్నం అడిగాడు. గిన్నెలో గరిట గీరుకుంది. ఆ చప్పుడుకు ఆయన చెయ్యి ఆగింది. వంగి గిన్నెలోకి చూశాడు.

“నీకుందా?”

ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట అడగలేదు.

“చూసుకుంటాలెండి.”

“నాకు చాలు. ఆ ఉన్నది నువ్వు వడ్డించుకో. ఇక్కడే కూర్చో.”

ఆమె గరిట గిన్నెలో పెట్టింది. తర్వాత పీట వాల్చుకుంది.

తెల్లవారి పంతులు ఏటికి స్నానానికి వెళ్ళాడు. పెరట్లో బావి చుట్టూ నాపరాళ్ళు పరిచే పని నెలరోజులుగా సాగుతూనే ఉంది. ఆదెయ్య ఉలి పక్కన పెట్టాడు. అనసూయ మజ్జిగ చెంబు గట్టు మీద పెట్టి, కొంగు సర్దుకుని నిలబడింది.

“నిన్న గండం గడిచింది,” అన్నాడు ఆదెయ్య.

“విన్నాను. భయపడ్డావా?”

“పడ్డా.”

మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, వీధి వాకిలి వైపు ఒకసారి చూశాడు.

“ఇయ్యాళ ఏం అడగమంటారమ్మా?”