కుక్కరు ముందు టీచరు

బళ్లలో జవాబులు చెప్పడం మానేసి పదేళ్లు దాటింది. టీచర్లు ప్రశ్నలే అడగాలి, పిల్లలే తేల్చుకోవాలి. ఆ పద్ధతిలో సుభాషిణిని మించిన టీచరు కాకినాడలో లేదని పేరు.

ఆ సాయంత్రం ఆమె వంటింట్లోకి వచ్చేసరికి, కూతురు నిహారిక స్టవ్ కట్టేసి, కుక్కరు మూతను రెండు చేతులా తిప్పుతోంది. విజిల్ ఒక్కటీ రాలేదట. విజిల్ కన్నంలో పప్పు అడ్డుపడి ఆవిరంతా లోపలే ఉండిపోయిందని సుభాషిణికి చూడగానే అర్థమైంది.

వద్దని అరవబోయింది. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"మూత ఎందుకు రావట్లేదనుకుంటున్నావు?"

"బిగుసుకుపోయిందమ్మా."

"ఎందుకు బిగుసుకుని ఉంటుంది?"

"గట్టిగా లాగితే తెలుస్తుందిగా!"

నిహారిక మొహం దగ్గరగా పెట్టి, పిడి కింద గరిటె దూర్చింది. సుభాషిణి నోట మళ్లీ ప్రశ్నే వచ్చింది: "లాగితే ఏమవుతుందనుకుంటున్నావు?"

"ముట్టుకోకే! పేలుద్ది!"

గుమ్మంలోంచి నాన్నమ్మ కేక. నిహారిక అదిరిపడి వెనక్కి గెంతింది. మరుక్షణం మూత పక్కనుంచి ఆవిరి బుస్సుమని ఎగదన్నింది. అంతకుముందు నిహారిక మొహం ఉన్నచోటు మీదుగా పోయి, ఎదుటి గోడనంతా పప్పుతో నింపింది.

కాసేపటికి నిహారిక అడిగింది. "అమ్మా, నీకు ముందే తెలుసా?"

సుభాషిణి తలూపింది.

బడి నుంచి రోజూ వచ్చే ప్రశ్న హాలు గోడ మీది తెరపై వెలిగింది: 'ఈ రోజు నీ అంతట నువ్వే ఆలోచించుకోనిచ్చింది ఎవరు?'

నిహారిక అమ్మ పేరు నొక్కి, అయిదు నక్షత్రాలూ ఇచ్చేసింది. తర్వాత పుస్తకాలన్నీ తీసుకుని నాన్నమ్మ గదిలోకి వెళ్లి, లోపలినుంచి గడియ పెట్టుకుంది.