నడుమ మోదుగాకు

"కోత పెట్టినంక ఆ దారి మూసుకపోదు గద, డాక్టరమ్మా?"

చిలుకమ్మ ఈ మాట అడగడం మొదటిసారి కాదు. డాక్టర్ పద్మలత జవాబు చెప్పడమూ మొదటిసారి కాదు. ఆపరేషన్ చేయించుకోవలసిన కోడలు సౌమ్య మాత్రం ఇద్దరి మధ్యా కూర్చుని, తనకేమీ సంబంధం లేనట్టు చున్నీ అంచు మెలితిప్పుతోంది.

సౌమ్యకు గర్భసంచి ముఖద్వారం దగ్గర చెడ్డ కణాలు కనిపించాయి. ఇంకా క్యాన్సర్ దాకా పోలేదు. చిన్న ముక్క కోసి తీసేస్తే గండం గడుస్తుంది. కాకపోతే గాయం మానేటప్పుడు అంచులు ఒకదానికొకటి అతుక్కుని, మచ్చ కట్టి, దారి సన్నబడే ప్రమాదముంది. అలా జరిగితే నెలనెలా బాధే. కడుపు పండడమూ కష్టమే.

"అందుకే కోసిన చోట ఒక పల్చటి పొర పెడతామమ్మా. గాయం మానేదాకా అంచులు అంటుకోకుండా చూస్తుంది. పనైపోయాక దానంతటదే కరిగిపోతుంది. కొత్తగా వచ్చింది. అందరికీ ఒకేలా పనిచేస్తుందని మాటివ్వలేను."

వరంగల్ బజారులో చిలుకమ్మకు బెల్లం దుకాణం ఉంది. ఏ సంగతైనా ఆమె బుర్రలోకి ఆ దుకాణం మీదుగానే పోవాలి.

"ఆనకాలం మేం బెల్లం ముద్దల నడుమ మోదుగాకు పెడ్తం. లేకుంటె అన్నీ అంటుకోని ఒకటే గడ్డయితయ్. గసొంటిదేనా?"

"గసొంటిదే!" డాక్టరమ్మ నవ్వేసింది. "కాకపోతే మా ఆకు కరిగిపోతుంది."

"అయితె పెట్టుండ్రి. మంచిది పెట్టుండ్రి."

పద్మలతది ఈ ఊళ్లో ముప్ఫై ఏళ్ల ప్రాక్టీసు. కోడళ్లకు మందులిచ్చీ ఇచ్చీ అత్తల నాడి పట్టడం నేర్చింది. ఆమె లెక్కలో అత్తలు రెండే రకాలు. కోడలిని ఒంటరిగా దవాఖానకు తోలేవాళ్లు, మనుమడి కోసం వెంటబడి వచ్చేవాళ్లు. గుమ్మంలో చెప్పులు విడిచే తీరును బట్టే ఎవరు ఏ రకమో చెప్పేయగలనని ఆమెకు గట్టి నమ్మకం. చిలుకమ్మను చూడగానే రెండో రకంలో వేసేసింది. మనసులో 'బెల్లం అత్త' అని పేరు కూడా పెట్టుకుంది.

"అవునూ, మీ అబ్బాయేడీ? ఒక్కసారన్నా మొహం చూపించడా?"

చిలుకమ్మ కొంగు సర్దుకుంది. "వాడు రాలేడు డాక్టరమ్మా. నేనున్న గద. ఏదన్న ఉంటె నాకు చెప్పుండ్రి."

తక్కెడ వదిలి రాలేని మొగుడన్నమాట, అనుకుంది పద్మలత. "సరే, మీకే చెప్తున్నా. ఆపరేషన్ తర్వాత నెలన్నర దాకా ఆలుమగలు దూరంగా ఉండాలి. అబ్బాయికి గట్టిగా చెప్పండి."

"దానికేం ఫికర్ లేదు," అంది చిలుకమ్మ.

సౌమ్య తల వంచుకుంది. సిగ్గు కాబోలు అనుకుంది డాక్టరమ్మ.

"పిల్లల కోసం ఇంత తొందరైతే ఎట్లమ్మా? ముందు ఈ పిల్లను కోలుకోనివ్వండి."

"తొందరేం లేదు. ఎప్పుడన్న కానీ, దాని కడుపు పండాలె. పిల్లల్లేరని రేపు ఎవ్వలూ దాన్ని ఒక్క మాట అనొద్దు."

అనేదానివి నువ్వే కదమ్మా! నోటిదాకా వచ్చిన ఆ మాటను పద్మలత మింగేసింది.

ఆపరేషన్ అయింది. పొర పెట్టారు. అంతసేపూ చిలుకమ్మ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా థియేటర్ బయటే కూర్చుంది. కోడలు గట్టెక్కితే మేడారంలో ఆ పిల్ల నిలువెత్తు బంగారం ఇస్తానని సమ్మక్క తల్లికి మొక్కుకుంది. ఆ తల్లికిచ్చే బంగారమంటే బెల్లమే. దుకాణంలో దానికి కొదవ లేదు.

"కోడలి ఎత్తు ఎందుకమ్మా? మనుమడి ఎత్తని మొక్కుకుంటే బెల్లం కలిసొచ్చేది కదా!" పద్మలత ఆటపట్టించింది.

"మనుమడి ముచ్చట నాకెందుకు డాక్టరమ్మా? నా పిల్ల మంచిగుంటే చాలు."

ఎంత గడుసుదో, అనుకుంది డాక్టరమ్మ.

తర్వాత ప్రతి చెకప్‌కూ అత్తాకోడళ్లే వచ్చారు. కొడుకు నీడ కూడా కనబడలేదు. పద్మలతకు ఆ కనబడని మొగుడి మీద వారం వారం కోపం పెరిగింది.

జాతర ముగిశాక మళ్లీ వచ్చారు. నెలసరి నొప్పి లేకుండా వస్తోందని సౌమ్య చెప్పింది. పద్మలత పరీక్ష చేసి చూసింది. మచ్చ కట్టలేదు. దారి సన్నబడలేదు.

"మన మోదుగాకు పనిచేసిందమ్మా! పరీక్షలకు మాత్రం మానకుండా రావాలి. ఇక పిల్లలంటారా, నాకైతే అడ్డేమీ కనిపించడం లేదు."

చిలుకమ్మ ఏడ్చేసింది. ఏడుస్తూనే సంచిలోంచి మేడారం బెల్లం తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది. తర్వాత గుమ్మం వైపు తిరిగి, "లోపలికి రా అయ్యా," అని పిలిచింది.

హెల్మెట్ చేత్తో పట్టుకుని ఒక యువకుడు లోపలికి వచ్చాడు. సౌమ్యను చూసి చిన్నగా నవ్వాడు. సౌమ్య మొహం వెలిగిపోయింది.

ఇన్నాళ్ల కోపమూ పద్మలత నోట్లోంచి ఒక్కసారిగా బయటపడింది.

"వచ్చారా దొరగారు! ఇప్పటికి తీరిందన్నమాట! భార్య కత్తి కింద పడుకున్నప్పుడు ఎక్కడున్నారండీ? మీ అమ్మను చూసి నేర్చుకోండి!"

అతను తల వంచుకుని తిట్లన్నీ తిన్నాడు.

చిలుకమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"ఆయన్ని తిట్టకుండ్రి డాక్టరమ్మా, నా కొడుకు కాలం చేసి మూడేండ్లాయె, వచ్చే నెల ఈయన కాళ్లు కడిగి సౌమ్యను అత్తారింటికి పంపేది నేనే."