ఆఖరున దిగిన నూకాలు

ఒడ్డు దగ్గర నీళ్లు వేడెక్కేసరికి చిట్టిరొయ్యల గుంపు చెదిరిపోయింది. వేడి భరించలేక ఎవరికి వారు దూరం జరిగారు. విడిపోయినవాళ్లను కానాగంత చేప ఒక్కొక్కరినీ మింగేస్తోంది.

ముసలి రొయ్య నూకాలు లోతుకు దిగి చూసింది. అక్కడ చల్లగా ఉంది. వెంటనే పైకొచ్చింది.

"కిందికి పదండర్రా, చల్లగా ఉంది!"

"చీకటి కదే అత్తా!"

"ముందున్నవాళ్ల కాళ్లు కదిపే నీటిని తడుముకుంటూ పొండి. చీకటేం చేస్తుంది?"

కానాగంత నవ్వింది. "హాయిగా కిందే ఉండక, నా నోటి దగ్గరికెందుకొచ్చావే ముసలిదానా?"

"నేనొక్కదాన్నే ఉంటే గుంపెలా అవుతుందిరా?"

రొయ్యలు ఒకదాన్నొకటి ఆనుకుని దిగసాగాయి. ఆ ముద్దలో దేన్ని పట్టాలో కానాగంతకు తోచలేదు.

చివరి పిల్ల దిగేదాకా తాను దిగకూడదనుకుంది నూకాలు. చేప నోట చిక్కి ఒక మీసం తెగింది. అయినా ఆఖరునే దిగింది.